పాత బొమ్మను మళ్ళీ పటం కట్టించుకోవడం ఎలా

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఒడిశాలోని బరంపురంలో పెద్ద బజారు వెనక సందులో మా తాతయ్య కట్టించిన పెంకుటిల్లు ఉంది. ఆ రాత్రి ముందుగది పెంకులు లేచిపోయాయి. తెల్లారి తలుపు తీస్తే రవివర్మ హంస దమయంతి పటం గోడకి వేలాడుతూనే ఉంది. హమ్మయ్య అనుకున్నాం. దగ్గరికి వెళ్ళి చూస్తే అద్దం లోపల నీళ్ళు. మూడో రోజు నాన్న వెనక అట్ట విప్పి కాగితాన్ని మెల్లగా లాగితే, దమయంతి చెంపా చెవీ అద్దం మీదే ఉండిపోయాయి. నాయనమ్మ ఆ అద్దాన్ని చాలా రోజులు పారెయ్యనివ్వలేదు.

ఆ బొమ్మని మళ్ళీ గోడ మీదికి తేవడానికి నేను రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. మొదటిసారి ఫోన్లో దొరికిన బొమ్మనే ఒక షాపుకి పంపి ప్రింటు తీయించాను. ఎర్ర చీర కాషాయంలోకి తిరిగింది. హంస మెడ అంచు మెట్లు మెట్లుగా విరిగింది. కాగితం సైజుకి సరిపెట్టడం కోసం పైనా కిందా అంగుళం చొప్పున కోసేశారు. నాయనమ్మ చూసి ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది. రెండోసారి కుదిరింది. పర్లాకిమిడిలోనో రాయగడలోనో జయపురంలోనో ఉండి ఇలాంటి పనే పెట్టుకున్నవాళ్ళకి ఆ మొదటి ప్రింటు బాధ ఉండకూడదని ఇది రాస్తున్నాను.

ముందు బొమ్మని ఎంచుకోండి

అందంగా ఉందని ఏదో ఒకటి తీసుకోవద్దు. ఇంట్లో ఎవరో ఒకరు చెప్పగలిగే కథ ఉన్న బొమ్మ తీసుకోండి. మా పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. శ్రీనాథుడి శృంగార నైషధం పద్యం వాళ్ళకి ఇప్పుడే అందదు. కానీ హంస వచ్చి దమయంతికి నలుడి సంగతి చెబుతోందని బొమ్మ చూపించి చెబితే, ఆ తర్వాత ఏమైందని వాళ్ళే అడుగుతారు. కావ్యాలకి గీసిన బొమ్మలకి ఉన్న బలం ఇదే.

రవివర్మ 1848లో పుట్టి 1906లో పోయారు. ఇళ్ళలో మనం చూసిన ఆయన బొమ్మలన్నీ దాదాపు అచ్చు బొమ్మలే. 1894లో ఆయన బొంబాయిలో ప్రెస్ పెట్టారు. అందులో ఒక్కో రంగుకి ఒక్కో రాయి చొప్పున, ఒకదాని మీద ఒకటి అద్దుతూ బొమ్మ తీసేవారు. అందుకే ఒకే బొమ్మకి ఆయన గీసిన తైలవర్ణ చిత్రం ఒక తీరుగా, అచ్చు బొమ్మ ఇంకో తీరుగా ఉంటాయి. మీ ఇంట్లో ఉన్నది ఏదో, మీకు కావలసింది ఏదో ముందే తేల్చుకోండి. నాకు తాతయ్య పటంలో ఉన్న అచ్చు బొమ్మ కాదు, 1899 నాటి అసలు చిత్రం కావాలనిపించింది. అది తిరువనంతపురం శ్రీచిత్ర ఆర్ట్ గ్యాలరీలో ఉంది.

రవివర్మ ఒక్కరే కాదు. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే, 1925లో పోయారు. ఆయన పేరుతో రాజమండ్రిలో చిత్రశాల ఉంది. పుష్పాలంకరణ, నందిపూజ లాంటి బొమ్మలు అక్కడ ఎదురుగా నిలబడి చూస్తే మన ఊరి ఆడవాళ్ళు అలాగే కూర్చున్నట్టు ఉంటుంది. వీలైతే ఒకసారి వెళ్ళి చూశాకే ఆయన బొమ్మ ప్రింటు తీయించండి. ఆ మెత్తటి రంగులు కంటిలో ఉంటే షాపులో ఎంత రంగు పడాలో చెప్పగలుగుతారు.

మా గంజాం జిల్లాలోనే ఉన్నదాన్ని మరచిపోవద్దు. ఘుముసరకి చెందిన ఒడియా కవి ఉపేంద్ర భంజ లావణ్యవతి కావ్యాన్ని తాటాకుల మీద బొమ్మలతో సహా రాసినవాళ్ళలో గంజాం జిల్లా ముండమరాయి ఊరి రఘునాథ్ పృష్టి ఒకరు. గంటంతో గీత గీసి, దానిలోకి మసి రుద్ది తేల్చిన బొమ్మలవి. భువనేశ్వర్ రాష్ట్ర మ్యూజియంలో బొమ్మల తాళపత్రాలు చూడొచ్చు. బుగుడ బిరంచి నారాయణ గుడి గోడల మీద రామాయణం బొమ్మలున్నాయి. అక్కడ ఫోటో తీసే ముందు అడగండి, ఫ్లాష్ మాత్రం వెయ్యకండి.

పిల్లల గదికి విదేశీ కథల బొమ్మలు కావాలంటే, గుస్తావ్ డోరే చెక్కించిన నలుపు తెలుపు బొమ్మలు, ఎలిస్ ఇన్ వండర్‌లాండ్ కథకి 1865లో జాన్ టెనియల్ వేసినవి, బెంగాలీ జానపద కథలకి 1912లో వార్విక్ గోబుల్ వేసిన రంగుల బొమ్మలు బాగుంటాయి. డోరే సముద్రం బొమ్మలు గోపాల్‌పూర్ అలలు చూసి పెరిగిన పిల్లలకి వెంటనే పడతాయి.

హక్కుల మాట

మన దేశంలో చిత్రకారుడు పోయిన ఏడాది తర్వాత అరవై ఏళ్ళ దాకా కాపీరైట్ ఉంటుంది. రవివర్మ, దామెర్ల, 1952లో పోయిన అడివి బాపిరాజు గారి బొమ్మలకి ఆ గడువు తీరిపోయింది. వడ్డాది పాపయ్య (వపా) గారు 1992లో పోయారు కాబట్టి 2052 చివరి దాకా, బాపు గారు 2014లో పోయారు కాబట్టి 2074 చివరి దాకా హక్కులు వాళ్ళ కుటుంబాలవో, వాళ్ళు రాసిచ్చినవాళ్ళవో. వపా బొమ్మలంటే నాకు ప్రాణం, ఆయన మన పక్కనే శ్రీకాకుళంలో పుట్టినవారు. అందుకే చెబుతున్నాను, ఆయన బొమ్మ కావాలంటే అనుమతితో వేసిన ప్రింటో పుస్తకమో కొనుక్కోండి. పత్రిక అట్ట స్కాన్ చేసి ప్రింట్లు తీసి అమ్మేవాళ్ళ దగ్గర కొనకండి.

ఫైలు సంపాదించడం

పని అంతా ఇక్కడే ఉంది. కాగితం, అద్దం, ఫ్రేము ఎంత మంచివైనా ఫైలు చెడ్డదైతే పటం చెడ్డదే.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరి నుంచి, క్లీవ్‌లాండ్ మ్యూజియం 2019 నుంచి హక్కులు తీరిన బొమ్మల పెద్ద ఫైళ్ళని ఎవరైనా వాడుకునేలా ఉచితంగా ఇస్తున్నాయి. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం కూడా ఇస్తాయి. పహాడీ, మొగలు చిత్రాలు వీటిలో చాలా దొరుకుతాయి. పాత పుస్తకాల బొమ్మలకి ఇంటర్నెట్ ఆర్కైవ్, రవివర్మ బొమ్మలకి వికీమీడియా కామన్స్ చూడండి. డౌన్‌లోడ్ చేసేటప్పుడు తెర మీద కనబడే చిన్న బొమ్మ కాదు, ఒరిజినల్ ఫైలు అని రాసి ఉన్నదాన్ని నొక్కాలి. చాలామంది బొమ్మ మీద వేలు పెట్టి సేవ్ కొట్టేస్తారు. నా మొదటి ప్రింటు అలాగే చెడింది.

ఇప్పుడు లెక్క. దగ్గర నుంచి చూసే పటానికి అంగుళానికి 300 చుక్కలు కావాలి. రెండు మూడడుగుల దూరం నుంచి చూసేదైతే 200 చాలు. 12కి 18 అంగుళాల ప్రింటు 300 చొప్పున రావాలంటే ఫైలు 3600కి 5400 పిక్సెళ్ళు ఉండాలి. 200 చొప్పున అయితే 2400కి 3600. మీ ఫైలు అంతకంటే చిన్నదైతే ప్రింటు సైజు తగ్గించండి. సాఫ్ట్‌వేర్‌తో సాగదీస్తే దమయంతి ముఖం మైనపు బొమ్మలా నున్నగా అవుతుంది. ఈ మధ్య ఏఐతో పెంచి ఇస్తామంటున్నారు. అది తనకి తోచిన కళ్ళూ వేళ్ళూ కల్పించి పెడుతుంది. నేను వద్దంటాను.

సైజు అంటే గుర్తొచ్చింది. పెద్దదైతేనే గొప్ప అనుకోవద్దు. జపాన్ చిత్రకారుడు హొకుసాయి పెద్ద అల బొమ్మ ప్రపంచమంతా పోస్టర్లుగా తిరిగింది, కానీ అసలు అచ్చు 25.7కి 37.9 సెంటీమీటర్లు, ఏ3 కాగితం కంటే చిన్నది. తాటాకు బొమ్మైతే నాలుగు వేళ్ళ వెడల్పు కూడా ఉండదు. దాన్ని గోడంత చేస్తే గంటం గీతలోని సన్నదనం పోతుంది. అసలు కొలత మ్యూజియం పేజీలో రాసి ఉంటుంది, దానికి దగ్గరగా ఉండేలా చూడండి.

రంగు ఎలా పోల్చుకోవాలి? ఇక్కడ నాకు సాయం చేసింది హంసే. హంస దమయంతికి ఇంటర్నెట్‌లో నాలుగైదు ఫైళ్ళు దొరికాయి. ఒకదాంట్లో చీర కుంకుమ రంగు, ఒకదాంట్లో ఇటుక రంగు, ఇంకోదాంట్లో దాదాపు గోధుమ రంగు. చీర అసలు రంగు ఏదో చెప్పడం కష్టం. అందుకని హంసని పెద్దది చేసి చూశాను. ఈకలు పసుపు తిరిగి ఉంటే ఫోటో తీసిన దీపం రంగు బొమ్మంతా పాకిందన్నమాట. ఈకల మధ్య గీతలే లేకుండా తెల్ల సున్నంలా ఉంటే ఎవరో వెలుగు పెంచారన్నమాట. ఈకా ఈకా విడిగా కనబడుతూ, నీడ వైపు కొంచెం బూడిద రంగు ఉన్నది ఒక్కటే దొరికింది. దాంట్లో చీర మిగతావాటికంటే ముదురుగా ఉంది. అదే తీసుకున్నాను. పాలూ నీళ్ళూ వేరు చేస్తుందని చెప్పుకునే పక్షి, నా పనిలో కూడా అదే చేసింది. మీ బొమ్మలో హంస లేకపోతే తెల్ల పంచెనో, ముత్యాల దండనో, మబ్బునో చూడండి. తెలుపు సరిగ్గా ఉంటే మిగతా రంగులు దారిలోనే ఉంటాయి.

ఇంట్లో ఉన్న పాత పటం నుంచే ప్రింటు తీయాలంటే

పటాన్ని దించి వెనక నుంచి విప్పండి. కాగితం అద్దానికి అంటుకుని ఉంటే లాగకండి. మా నాన్న చేసినట్టు చెయ్యకండి. అద్దంతో సహా అలాగే ఫోటో తీసి, కాగితాల సంరక్షణ తెలిసినవాళ్ళకి చూపించండి. తడిగుడ్డతో తుడవద్దు. పొడి మెత్తటి బ్రష్ చాలు.

అద్దం సులువుగా వచ్చేస్తే, బొమ్మని ఉదయం వేళ వరండాలో నీడలో గోడకి ఆనించి ఫోటో తీయండి. నేరుగా ఎండ వద్దు, ఫ్లాష్ వద్దు. ఫోన్ బొమ్మకి సమానంగా, మధ్యకి ఎదురుగా ఉండాలి. పక్కనే తెల్ల కాగితం ముక్క ఒకటి పెట్టండి, తర్వాత రంగు సరిచేయడానికి అదే గురుతు. పుస్తకంలో బొమ్మైతే స్కానర్ మీద పెట్టి 600 చొప్పున స్కాన్ చేయించండి. పత్రికల్లో అచ్చయిన రంగుల బొమ్మలు చిన్న చిన్న చుక్కలతో ఉంటాయి, వాటిని స్కాన్ చేస్తే అలల్లాంటి చారలు పడతాయి. స్కానర్‌లో డీస్క్రీన్ అని ఉంటుంది, అది పెట్టమని చెప్పండి.

ఒక మాట. మీ ఇంట్లో ఉన్నది రవివర్మ ప్రెస్ కాలం నాటి అచ్చు కావచ్చు. కొత్త ప్రింటు వచ్చిందని పాతదాన్ని పారెయ్యకండి.

షాపుకి పంపడం

వాట్సాప్‌లో ఫోటోగా పంపితే బొమ్మ చిన్నదైపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళండి. ఫ్లెక్సు షాపుకి మాత్రం వెళ్ళకండి. దూరం నుంచి చూసే బ్యానర్లకి పనికొచ్చే మెషీన్లవి, గదిలో పటానికి కాదు.

బరంపురంలో గానీ రాయగడలో గానీ పెళ్ళి ఆల్బమ్‌లు చేసే ఫోటో ల్యాబులు ఉంటాయి. అక్కడ 12కి 18 దాకా చక్కగా వస్తుంది. మెరవని మ్యాట్ కాగితం అడగండి, మెరిసే గ్లాసీ వద్దు. గ్లాసీ కాగితం మీద మళ్ళీ అద్దం వేస్తే కిటికీ తప్ప బొమ్మ కనబడదు. ఇంకా పెద్దది, ఇంకా ఎక్కువకాలం నిలిచేది కావాలంటే పిగ్మెంట్ ఇంకుతో కాటన్ కాగితం మీదో, కాన్వాస్ మీదో వేసేవాళ్ళని భువనేశ్వర్‌లోనో విశాఖలోనో వెతుక్కోవాలి. ఆ ఇంకు మామూలు ఇంకు కంటే ఆలస్యంగా వెలిసిపోతుంది. ప్రింటుని మడవకుండా గట్టి అట్ట గొట్టంలో చుట్టి కొరియర్ చెయ్యమనండి. డోరే లాంటి గీతల బొమ్మలకి, తాటాకు బొమ్మలకి కాన్వాస్ అసలు పనికిరాదు, కాన్వాస్ నేత గీతల్ని తినేస్తుంది. వాటికి మందపాటి మ్యాట్ కాగితమే.

షాపులో మూడు మాటలు చెప్పాలి. బొమ్మని కోయొద్దు, సైజు కుదరకపోతే చుట్టూ తెల్ల మార్జిన్ వదలండి. రంగు పెంచొద్దు, ముఖాలకి నునుపు చెయ్యొద్దు, పెళ్ళి ఫోటోలకి అలవాటుగా చేసేస్తుంటారు. మొత్తం ప్రింటు కంటే ముందు చిన్న ముక్క ఒకటి తీసి ఇవ్వండి. ఈ మూడోది చాలామంది అడగరు. ముఖం, చీర, హంస కలిసి వచ్చేలా నాలుగంగుళాల పట్టీ ఒకటి తీయించి, షాపు ట్యూబులైటు కింద కాకుండా బయటికి తెచ్చి పగటి వెలుగులో చూశాను. నీడలు నల్లగా ముద్దకట్టాయి. కుర్రాడు నీడల దగ్గర మాత్రం కొంచెం తేలిక చేశాడు. రెండో పట్టీ బాగా వచ్చింది. "ఇంత చిన్న పనికి ఇంతసేపా బాబూ?" అని పక్కన నిలబడ్డ పెద్దాయన అడిగారు. బొమ్మ చూపించాను. "మా అమ్మగారింట్లో ఉండేది ఇది," అని ఆయన కూడా ఒకటి తీయించుకున్నారు.

ల్యామినేషన్ చేస్తామంటారు. వద్దనండి. మన తేమకి అంచుల దగ్గర ప్లాస్టిక్ విడిపోయి లోపల బూజు పడుతుంది, మళ్ళీ తీయడం కుదరదు.

పటం కట్టించడం

తీరం పక్క ఊళ్ళలో పటాన్ని చెడగొట్టేది తేమే. పటం కట్టే మేస్త్రీలు మామూలుగా ప్రింటు మీద నేరుగా అద్దం పెట్టి, వెనక హార్డ్‌బోర్డు కొట్టి, గోధుమ రంగు టేపు అంటించి ఇచ్చేస్తారు. మా తాతయ్య పటం అలాగే కట్టి ఉంది. అద్దానికీ కాగితానికీ మధ్య ఖాళీ లేకపోతే తేమ అక్కడే నిలిచి కాగితాన్ని అద్దానికి అతికిస్తుంది. దమయంతి చెంప పోయింది అందుకే.

కాబట్టి మధ్యలో మౌంట్ అట్ట పెట్టించండి. బొమ్మ చుట్టూ కిటికీలా కోసిన అట్ట అది. అందానికే కాదు, అద్దాన్ని బొమ్మకి తగలకుండా ఆపుతుంది. ఆమ్లం లేని అట్ట అని అడగండి, మామూలు అట్టైతే కొన్నేళ్ళకి అంచులు పసుపు పారి ఆ మరక బొమ్మకి ఎక్కుతుంది. మౌంట్ వద్దనుకుంటే అద్దం కింద చుట్టూ సన్నటి పట్టీ పెట్టి కనీసం మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉంచమనండి.

ప్రింటుని వెనక అట్టకి మొత్తంగా జిగురు రాసి అతికించనివ్వకండి. సెలోటేపు వద్దు. పై అంచు దగ్గర రెండు చోట్ల మాత్రం పలచటి కాగితం ముక్కలతో, గోధుమ గంజి జిగురుతో తగిలించి వదిలేస్తే కాగితం వానాకాలం సాగినా ఎండాకాలం ముడుచుకున్నా చోటుంటుంది. నాలుగు పక్కలా బిగిస్తే అలలు అలలుగా ఉబ్బుతుంది. మా మేస్త్రి మొదట ఒప్పుకోలేదు, ఊడిపోతుందన్నాడు. ఊడితే నాదే బాధ్యత అన్నాను. నాలుగు వానాకాలాలు గడిచాయి, అలాగే ఉంది.

వెనక హార్డ్‌బోర్డు బదులు ఫోమ్ బోర్డు పెట్టించండి, అది అంతగా తేమ పీల్చదు. ఇనుప మేకులు తుప్పు పట్టి మరక చేస్తాయి, ఇత్తడి కొక్కేలు అడగండి. పటం కింది మూలల వెనక చిన్న రబ్బరు బిళ్ళలు రెండు అంటించండి, గోడకీ పటానికీ మధ్య గాలి ఆడుతుంది.

ఎక్కడ తగిలించాలంటే, వాన కొట్టే వైపు బయటి గోడకి మాత్రం వద్దు. రెండు గదుల మధ్య గోడ మంచిది. నేరుగా ఎండ పడకూడదు, దీపారాధన పొగ తగలకూడదు. దేవుడి పటం కాకపోయినా పెద్దవాళ్ళు దమయంతికి కూడా దండ వేసి ఊదొత్తి గుచ్చుతారు. మా నాయనమ్మకి నచ్చజెప్పి పువ్వుల్ని కింద చిన్న బల్ల మీద పెట్టిస్తున్నాం. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు పటం దించి, పాత దుప్పటిలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువా పైన పెట్టండి. గాలి తగ్గాక అదే రోజు కవరు తీసెయ్యాలి, లేకపోతే లోపలే చెమ్మ కడుతుంది.

తగిలించే ముందు వెనక అట్ట మీద పెన్సిల్‌తో రాసిపెట్టండి: బొమ్మ పేరు, చిత్రకారుడి పేరు, ఏ ఏడాది బొమ్మ, అసలు ఎక్కడ ఉంది, ఫైలు ఎక్కడ తీసుకున్నారు, ఏ రోజు కట్టించారు. పెన్ను వాడొద్దు, ఇంకు ఇవతలికి దిగుతుంది. ఫైలుని ఇంకో పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టుకోండి. మా పటం వెనక ఇవన్నీ తెలుగులోనూ ఒడియాలోనూ రాశాం. తెలుగు నేను రాశాను. ఒడియా మా పెద్దమ్మాయి రాసింది. దాని కింద నాయనమ్మ, ఎవరూ అడక్కుండానే, తాతయ్య పేరు రాసింది.